పరగడుపున వెళ్లినా పొట్టలో ఆహారం ఎలా మిగిలింది?

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర పల్లె. మా మామగారికి 67 ఏళ్లు. జీర్ణాశయంలో క్యాన్సర్ గడ్డ ఉందని 4 ఏళ్ల కిందట కింది భాగం తీసేశారు. పదేళ్లుగా షుగరు ఉంది, మాత్రలు వాడతారు. డాక్టరుగారు చెప్పిన ప్రకారం ఎండోస్కోపీ కోసం గత నెలలో తిరుపతి తీసుకెళ్లాం. ముందురోజు రాత్రి 9 గంటలకు సంగటి, మునక్కాయ పులుసు తిన్నారు. ఆ తర్వాత మంచినీళ్లు కూడా ముట్టలేదు. మర్నాడు ఉదయం 10 గంటలకు పరీక్ష మొదలుపెట్టి, రెండు నిమిషాలకే ట్యూబు బయటికి తీసేశారు. లోపల ఆహారం ఉంది, ఏమీ కనిపించడం లేదు, మళ్లీ రండి అన్నారు. తెల్లవారుజామున దొంగచాటుగా ఏదో తిన్నారని మా అత్తగారి అనుమానం. కాణిపాకం వచ్చి ప్రమాణం చేయమని ఆమె, నన్ను నమ్మకపోతే ఇక పరీక్షే వద్దని ఆయన. పది రోజులుగా ఇద్దరికీ మాటల్లేవు. ఈసారి ఆయనను ఎలా సిద్ధం చేయాలి? – ఒక కోడలు

సమాధానం:

అమ్మా, పరీక్ష సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ముందు మీ మామగారి మాట. ఆయన అబద్ధం చెప్పారనడానికి ఆ ఎండోస్కోపీ సాక్ష్యం కానే కాదు. జీర్ణాశయం కింది భాగం పోయిన మనిషి, అందులోనూ పదేళ్ల షుగరు ఉన్న మనిషి, రాత్రి 9 గంటలకు సంగటి తింటే మర్నాడు 10 గంటలకు అది లోపల కనిపించడంలో వింతేమీ లేదు, 13 గంటలు గడిచినా సరే. ఆయనను కాణిపాకం తీసుకెళ్లి వినాయకుడి ముందు నిలబెట్టాల్సిన పని లేదు. నేను ఆయన మాటే నమ్ముతాను. ఊరికే నమ్మడం లేదు, నాకు బుద్ధి చెప్పిన ఒక అనుభవం ఉంది.

తిరుపతిలో నేను 26 ఏళ్లు నర్సుగా పనిచేశాను, అందులో ఎక్కువ కాలం ఎండోస్కోపీ గదిలోనే. మొదటి ఏళ్లలో పనిచేసింది చిన్న ఆసుపత్రి. పగలు ఆ గది, అవసరమైతే రాత్రి వార్డు, రెండూ మేమే చూసుకునేవాళ్లం. ఒకరోజు శ్రీకాళహస్తి వైపు పల్లె నుంచి ఒక పెద్దాయన వచ్చారు. ఆయనకూ మీ మామగారికి జరిగిన ఆపరేషనే. ట్యూబు లోపలికి వెళ్లగానే తెర మీద మెతుకులు కనిపించాయి. డాక్టరు పరీక్ష ఆపేశారు. నేను బయటికి వచ్చి, వరసగా కూర్చున్న రోగులందరి ముందూ ఆయనను నిలదీశాను: తినవద్దని అన్నిసార్లు చెప్పాం కదా, ఎందుకు తిన్నారు? ఆయన తల వంచుకుని "తినలేదమ్మా" అని ఒక్క మాట అన్నారు. నేను నమ్మలేదు.

దూరం నుంచి వచ్చారు కాబట్టి ఆ రాత్రికి వార్డులోనే ఉంచి మర్నాడు మళ్లీ చూద్దామన్నారు. మధ్యాహ్నం 2 గంటలకు గిన్నెడు మెత్తటి అన్నం, చారు నేనే పెట్టించాను. ఆయన మంచం నా బల్లకు ఎదురుగానే ఉంది. తెల్లవారేదాకా రెండు మూడు సార్లు మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోలేదు. మర్నాడు 9 గంటలకు ట్యూబు వేస్తే, పొట్టను పేగుకు కలిపిన కుట్టు పక్కనే పచ్చటి పసరులో, అంటే పైత్యరసంలో, తడిసిన మెతుకులు ఉన్నాయి. వాటి మధ్య, ముందురోజు చారులోని కరివేపాకు రెబ్బ ఒకటి, కోసినట్టు చెక్కుచెదరకుండా ఉంది. 19 గంటలు! ఆ పెద్దాయన దగ్గరికి వెళ్లి తప్పయిందని చెప్పాను. ఆయన పోనీలెమ్మా అన్నారు. ముందురోజు అందరి ముందూ అన్న మాటను మాత్రం నేను వెనక్కి తీసుకోలేకపోయాను. అందుకే మీ ఉత్తరం చదవగానే, అన్నిటికంటే ముందు ఈ సంగతి చెప్పాలనిపించింది.

ఇప్పుడు ఇలా ఎందుకు జరుగుతుందో చూద్దాం. పొట్ట అంటే ఒక సంచి అనుకుంటాం. నిజానికి పై భాగం గాదె, కింది భాగం రుబ్బురోలు. పై భాగం తిన్నదాన్ని కాసేపు నిలవ ఉంచుకుంటుంది. కింది భాగం దాన్ని కొద్దికొద్దిగా తీసుకుని, ఒకటి రెండు మిల్లీమీటర్ల నలుసులయ్యేదాకా నలిపి, అప్పుడు పేగులోకి వదులుతుంది. ఎంత నలిపినా నలగని పీచు, తొక్కలు మిగిలిపోతాయి. మనం ఏమీ తినకుండా ఉన్న వేళల్లో, సుమారు గంటన్నర, రెండు గంటలకు ఒకసారి, పొట్టలో బలమైన అల ఒకటి లేచి ఆ మిగిలినదాన్ని పేగుల్లోకి ఊడ్చేస్తుంది. రాత్రి తిన్న తర్వాత మర్నాడు పరీక్షదాకా ఏమీ తినవద్దనడంలోని అర్థం ఇదే. మామూలు పొట్టకు ఆ వ్యవధి చాలు.

మీ మామగారి ఆపరేషన్‌లో పోయింది ఆ రుబ్బురోలే. క్యాన్సర్ కాబట్టి చుట్టూ ఉన్న లింఫు గ్రంథులను కూడా తీసి ఉంటారు. ఆ క్రమంలో పొట్టను కదిలించే నరాల కొమ్మలు కూడా తెగుతాయి. ఊడ్చే అల కూడా బలహీనపడుతుంది. ఇక షుగరు ఏళ్ల తరబడి ఉంటే అది కూడా ఇవే నరాలను దెబ్బతీస్తుంది. పరీక్షనాటికి రక్తంలో చక్కెర బాగా ఎక్కువగా ఉన్నా పొట్ట మందగిస్తుంది. ఇన్ని కలిసిన చోట మునక్కాయ నార ఎక్కడికి పోతుంది? ఉన్నచోటే ఉంటుంది.

ఇందులో చాలామందిని తికమక పెట్టే విషయం ఒకటుంది. ఇదే మనిషికి తియ్యటి పానీయం తాగిన పావుగంటకే గుండె దడ, చెమటలు, కళ్లు తిరగడం వస్తుంటాయి. పొట్ట ఖాళీ కావడం లేదంటున్నారు, మరి ఇదేమిటి అని అడుగుతారు. రెండూ నిజమే. కింది ద్వారం పోయింది కాబట్టి ద్రవాలు అడ్డూ ఆపూ లేకుండా పేగులోకి జారిపోతాయి. గట్టి ఆహారం నలిగే దారి లేక పైనే నిలిచిపోతుంది. ఈసారి మీరు చేయబోయే ఏర్పాటంతా ఈ తేడా మీదే ఆధారపడి ఉంది. జారిపోయేది ఇవ్వాలి, నిలిచేది ఆపాలి. పైగా ఆ పని పరీక్ష రోజు ఉదయం మొదలుపెడితే లాభం లేదు, ముందురోజు కంచం దగ్గరే మొదలుపెట్టాలి.

పరీక్ష మధ్యలో ఆపేసినందుకు ఆ డాక్టరుగారి మీద మీకు కోపం వచ్చి ఉండవచ్చు. ఆయన చేసింది సరైన పని. పొట్టలో ఆహారం ఉండగా మత్తు ఇచ్చి ట్యూబు తిప్పితే, వాంతి అయ్యి అది ఊపిరితిత్తుల్లోకి వెళ్లవచ్చు. 67 ఏళ్ల మనిషికి అది ప్రాణం మీదికి వచ్చే న్యుమోనియా అవుతుంది. ఇక చూడాల్సిన చోటు ఏదంటే, మిగిలిన పొట్టను పేగుకు కలిపిన కుట్టు, దాని చుట్టుపక్కల. మళ్లీ గడ్డ వచ్చినా, పుండు పడినా అక్కడ వచ్చే అవకాశం బాగా ఉంది. ఆహారం సరిగ్గా అక్కడే పేరుకుంటుంది. ఆవగింజంత మచ్చను వెతికే పరీక్ష ఇది. మెతుకుల కింద మచ్చ దాగి ఉంటే, "బాగానే ఉంది" అని రాసిచ్చిన కాగితం ఉత్తుత్తి ధైర్యం ఇస్తుంది. అలాంటి కాగితం తెచ్చుకోవడం కంటే వెనక్కి తిరిగి రావడమే నయం.

నాకు బాధ కలిగించేది మరొకటి. చాలా చోట్ల ఎండోస్కోపీకి వచ్చే వాళ్లందరికీ ఒకటే చీటీ ఇస్తారు. గుండెమంటతో వచ్చిన పాతికేళ్ల కుర్రాడికీ అదే, సగం పొట్ట లేని పెద్దాయనకూ అదే. రాత్రి భోజనం తర్వాత ఏమీ తినకండి, ఉదయం పరగడుపున రండి. మీ మామగారు ఆ చీటీని అక్షరాలా పాటించారు. ఆ చీటీ ఆయన పొట్ట కోసం రాసింది కాదు, అంతే. ఈసారి తేదీ తీసుకునేటప్పుడే, ఫోనులోనైనా సరే, ఈ రెండు ముక్కలు చెప్పండి: "ఈయనకు పొట్ట కొంత భాగం తీసేశారు. గతసారి ఆహారం మిగిలి పరీక్ష ఆగిపోయింది." ఈ మాట వింటే వాళ్లు ఇచ్చే సూచనలే మారతాయి. నేను కింద చెప్పేదాన్ని కూడా ఒకసారి వాళ్లకు వినిపించండి. గంటల లెక్కలో వాళ్లు మార్పు చెబితే, వాళ్ల మాటే పాటించండి.

మూడు రోజుల ముందు నుంచి పీచు మానేయించండి. మునక్కాయ, మునగాకు, గోంగూర, తోటకూర, చిక్కుడు, పనస, జామ, కొబ్బరి, వేరుశనగ పచ్చడి, పొట్టుతో ఉన్న పప్పులు, అలసందలు. సంగటి కూడా మానాలి. మన వైపు రైతుకు సంగటి లేకుండా మూడు రోజులంటే ఎంత కష్టమో నాకు తెలుసు. ఆ మూడు రోజులూ మెత్తగా ఉడికిన అన్నం, ఇడ్లీ, పొట్టు లేని పెసరపప్పు, గుజ్జుగా మెదిపిన సొరకాయ, బాగా చిలికిన పెరుగు పెట్టండి. మామిడి కాలమైతే మరీ జాగ్రత్త. తోట ఉన్న ఇంట్లో పండు వద్దంటే వినరు. ఆ పండులోని నార, వక్క పలుకుల్లోని పీచు, పండ్ల తొక్కలు ఇలాంటి పొట్టలో కలిసి ఉండ కట్టడం నేను చూశాను. నిమ్మకాయంత ఉండ పొట్టలో నెలల తరబడి ఉండి ఆకలి చంపేస్తుంది. ఆసుపత్రుల్లో అలాంటి ఉండలను కోలా పానీయంతో కరిగించే పద్ధతి ఉంది, కానీ అది డాక్టర్లు చూసుకుంటూ చేసే పని. ఎవరో చెప్పారని షుగరు మనిషికి ఇంట్లో కోలా పోయకండి. ఆయనకు ఆకూవక్కా అలవాటుంటే ఈ మూడు రోజులూ అది కూడా వద్దు.

ముందురోజు సంగతే ముఖ్యం. మొదటిసారి పరీక్షకు వెళ్లే వాళ్లయితే మధ్యాహ్నం 12 గంటలకల్లా మెత్తటి అన్నంతో ముగించి, అక్కడి నుంచి ద్రవాలే తీసుకోమంటాను. మీ మామగారికి ఒకసారి బెడిసికొట్టింది కాబట్టి, ఉదయం 8 గంటలకు రెండు ఇడ్లీలతో గట్టి ఆహారం ఆపేసి, ఆ తర్వాత రోజంతా ద్రవాల మీదే ఉంచవచ్చా అని డాక్టరుగారిని అడగండి. నా అనుభవంలో దీనివల్ల వచ్చినంత తేడా మరి దేనివల్లా రాలేదు. రాత్రి ఒక పూట మానేయడం కంటే పగలంతా పలచగా ఉండటం ఇలాంటి పొట్టకు ఎక్కువ మేలు చేస్తుంది.

ద్రవాలంటే ఏమిటో కూడా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే ఇళ్లలో పొరపాట్లు జరుగుతాయి. గంజి వార్చి, పలుచటి గుడ్డలో వడగట్టి, పైన తేరిన తేట తీసుకోండి. చిటికెడు ఉప్పు వేయండి. పెసరకట్టు కూడా అంతే, పప్పు నలుసు దిగకుండా వడగట్టాలి. చారు పెడితే కరివేపాకు, కొత్తిమీర, ఆవాలు, మిరియపు పలుకులు ఏవీ రాకూడదు. ఆ కరివేపాకు రెబ్బను చూసినప్పటి నుంచి ఈ మాట చెప్పకుండా ఏ రోగినీ పంపలేదు. బార్లీ నీళ్లు, వడగట్టిన లేత కొబ్బరి నీళ్లు, పాలు లేని టీ ఇవ్వవచ్చు. రాగి జావ మాత్రం ద్రవం కాదు. పలచగా కనిపించినా అది పిండే, లోపల గోడలకు పూతలా అంటుకుంటుంది. పాలు కూడా పొట్టలో విరిగి గడ్డ కడతాయి, కాబట్టి ఉపవాసం లెక్కలో పాలు గట్టి ఆహారమే. మజ్జిగ ఇవ్వాలంటే మధ్యాహ్నంలోపే. బీట్‌రూట్, దానిమ్మ లాంటి ఎర్రటి రసాలు వద్దు. తెర మీద అవి నెత్తురులా కనిపించి కంగారు పెడతాయి.

ఒకేసారి పెద్ద గ్లాసు నిండా ఇవ్వకండి. ఆయన పొట్ట చిన్నది, ద్రవం జారే వేగం ఎక్కువ. గంటకోసారి టీ గ్లాసుడు, నెమ్మదిగా గుక్కలు గుక్కలుగా తాగించండి. నీరసం వస్తుందని గ్లూకోజ్ నీళ్లు గడగడా తాగిస్తారు, అది చేయకండి. ఇందాక చెప్పిన దడ, చెమటలు అప్పుడే వస్తాయి. షుగరు మనిషికి అది పైకీ కిందికీ ఊగిసలాట. రాత్రి 9 గంటల తర్వాత మంచినీళ్లే. సాయంత్రం పూట ఇంట్లోనే అటూ ఇటూ నెమ్మదిగా నడవనివ్వండి, తాగిన వెంటనే పడుకోనివ్వకండి.

ఉదయం నీళ్ల విషయంలో ఒక అపోహ ఉంది. గతసారి ఆయన మంచినీళ్లు కూడా ముట్టలేదని రాశారు. సాధారణంగా మంచినీళ్లను పరీక్షకు 2 గంటల ముందు వరకు కొద్దికొద్దిగా తాగనిస్తారు. గొంతు ఎండబెట్టుకోవడం వల్ల లోపలి సంగటి కిందికి దిగదు. ఒకసారి ఆహారం మిగిలిన మనిషి కాబట్టి ఈ గడువును కొందరు పెంచుతారు. కచ్చితమైన గంట అడిగి, కాగితం మీద రాసి, గోడకు అంటించండి.

షుగరు మాత్రల దగ్గర మీరు చాలా జాగ్రత్తగా ఉండాలి. నాకు మీ వంట కంటే దీని గురించే ఎక్కువ బెంగ. రోజంతా గంజి తేట మీద ఉండి మామూలు మోతాదులో మాత్ర వేసుకుంటే, ముఖ్యంగా గ్లిమిపిరైడ్ లాంటిదైతే, తెల్లవారేసరికి చక్కెర పడిపోవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలను ఉపవాసం ఉండే పరీక్షకు సుమారు 3 రోజుల ముందే ఆపమంటారు, ఎందుకంటే ఆకలితో ఉన్నప్పుడు అవి రక్తంలో ఆమ్లాన్ని పెంచగలవు. వారానికోసారి వేసుకునే సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్ వాడుతుంటే తప్పకుండా చెప్పాలి, అది పొట్టనే మందగింపజేస్తుంది. ఆయన మాత్రల అట్టలన్నీ ఒక సంచిలో వేసి డాక్టరుగారి బల్ల మీద పెట్టండి. ఏది ఆపాలో, ఏది తగ్గించాలో ఆయన చేతే రాయించుకోండి. మీ అంతట మీరు ఒక్కటి కూడా ఆపవద్దు. గుండె కోసం ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి వాడుతుంటే, రక్తం పలచన చేసే మందు కదా అని ఇంట్లోనే మానిపించే వాళ్లు ఎక్కువ. మామూలు ఎండోస్కోపీకి, పరీక్ష కోసం చిన్న ముక్క తీయడానికి (బయాప్సీకి) వాటిని చాలా సందర్భాల్లో ఆపనక్కరలేదు. ఆపితే గుండెకు ముప్పు. బీపీ మాత్రను ఉదయం ఒక గుక్క నీళ్లతో వేసుకోమంటారు.

వేలి నుంచి రక్తం తీసి చూసుకునే యంత్రం ఇంట్లో ఉంటే ఆ రోజు మూడు నాలుగు సార్లు చూడండి. 70 కంటే తగ్గినా, చూసే వీలు లేకుండా చెమటలు, వణుకు, మాట తడబాటు కనిపించినా, పరీక్ష చెడుతుందని ఆగవద్దు. మూడు చెంచాల గ్లూకోజ్ పొడి కొద్ది నీళ్లలో కలిపి ఇచ్చి, పావుగంట ఆగి మళ్లీ చూడండి. తర్వాత నర్సుకు చెప్పండి. అది తేట ద్రవమే కాబట్టి పరీక్షను కాస్త వెనక్కి జరుపుతారు, అంతే. ప్రాణం కంటే పరీక్ష ముఖ్యం కాదు. షుగరు ఉందని చెప్పి ఉదయం మొదటి వరసలోనే సమయం అడగండి. సాధారణంగా ఇస్తారు.

పుల్లటి త్రేన్పులకు తెల్లటి మందు తాగుతుంటే ముందురోజు నుంచి ఆపవచ్చా అని అడగండి, అది గోడకు సున్నం వేసినట్టు పట్టి మచ్చలను దాచేస్తుంది. రక్తహీనతకు ఐరన్ మాత్రలు వేసుకుంటే లోపల నల్లగా అంటుకుంటాయి, ఆ సంగతి కూడా చెప్పండి. పొట్టలో పుండ్లకు కారణమయ్యే హెలికోబాక్టర్ క్రిమి పరీక్ష కూడా చేస్తామని ముందే అంటే, ఆమ్లం తగ్గించే మాత్రలను 2 వారాల ముందు, యాంటీబయాటిక్‌లను 4 వారాల ముందు ఆపాల్సి ఉంటుంది. లేకపోతే క్రిమి ఉన్నా లేనట్టు చూపించవచ్చు.

ఆపరేషన్ నాటి డిశ్చార్జి కాగితం వెతికి తీసుకెళ్లండి. గతసారి తీసుకెళ్లారో లేదో మీరు రాయలేదు. అందులో బిల్‌రోత్ 1, బిల్‌రోత్ 2, రూ-ఎన్-వై అనే మాటల్లో ఏదో ఒకటి ఉంటుంది. వియన్నాలో థియోడర్ బిల్‌రోత్ అనే సర్జన్ 1881లో పొట్టలో క్యాన్సర్ భాగాన్ని కోసి తీసి, మిగిలినదాన్ని పేగుకు కలిపారు, రోగి ఆ ఆపరేషన్ నుంచి కోలుకున్నారు. ఆ కలిపే పద్ధతులకు ఆయన పేరే నిలిచింది. మూడోదానికి స్విట్జర్లాండ్ సర్జన్ సీజర్ రూ పేరు. కాగితం చూస్తే డాక్టరుకు ట్యూబు ఎటు తిప్పాలో ముందే తెలుస్తుంది. బిల్‌రోత్ 2 అయితే లోపల పేగు రెండు దారులుగా చీలుతుంది, పసరు కూడా ఎక్కువగా వెనక్కి వచ్చి నిలుస్తుంది. పాత ఎండోస్కోపీ రిపోర్టులు, ముక్క పరీక్ష కాగితాలు కూడా అదే సంచిలో పెట్టండి.

ప్రయాణం గురించి ఒక మాట. చిత్తూరు నుంచి తిరుపతి సుమారు 70 కిలోమీటర్లు. ఉపవాసంతో, షుగరుతో, తెల్లవారుజామున బస్సులో రెండు గంటలు కూర్చోబెట్టడం నాకు నచ్చదు. ముందురోజు సాయంత్రమే వచ్చేయండి. గంజి తేట, పెసరకట్టు ఫ్లాస్కుల్లో పోసి తెచ్చుకోండి. బంధువుల ఇంట్లో దిగితే మీరు గుమ్మంలోనే చెప్పేయాలి, లేకపోతే మర్యాద పేరుతో ఆయనకు ఏదో ఒకటి పెట్టకుండా వదలరు. కొండకు వెళ్లాలన్న కోరిక ఉంటే పరీక్ష అయ్యాక, ఒంట్లో సత్తువ వచ్చాక వెళ్లండి. ఉపవాసంతో అలిపిరి మెట్లెక్కి, దర్శనం చేసుకుని, ప్రసాదం ఆహారం కిందికి రాదని లడ్డూ తిని వచ్చిన వాళ్లను ఎందరినో చూశాను. జీడిపప్పు, ఎండుద్రాక్ష ముక్కలు తెర మీద గుర్తుపట్టేవాళ్లం. ప్రసాదాన్ని కళ్లకద్దుకుని డబ్బాలో మూత పెట్టి ఉంచండి. పరీక్ష తర్వాత కొద్దిగా పెట్టవచ్చు.

గదిలోకి వెళ్లేముందు కట్టుడు పళ్లుంటే తీసి మీ దగ్గర పెట్టుకోండి. నురగ తగ్గించే మందు తాగిస్తారు, గొంతులో స్ప్రే కొడతారు, నాలుక మొద్దుబారినట్టు అవుతుంది, ఎడమ పక్కకు పడుకోబెడతారు. ఇంత చేసినా లోపల కాస్త మిగిలి ఉండవచ్చు. అప్పుడు నీళ్లతో కడుగుతారు, పక్క మార్చి పడుకోబెట్టి పేరుకున్నదాన్ని జరుపుతారు. కొందరికి పొట్ట కదలికను పెంచే ఎరిత్రోమైసిన్ లాంటి మందు ముందుగా ఇస్తారు. అది గుండె లయ మీద, ఇతర మందుల మీద ప్రభావం చూపగలదు కాబట్టి అంగట్లో కొని ఇంట్లో వేసుకునేది కాదు. గతసారి ఆహారం మిగిలిందని పరీక్ష చేసే డాక్టరుకు ఆ గదిలో కూడా మరోసారి చెప్పండి. ఫోనులో చెప్పిన మాట గదిదాకా చేరుతుందని నమ్మకం లేదు.

అయిపోయాక గొంతు తిమ్మిరి పోయేదాకా, అంటే ఇంచుమించు గంటసేపు, నోట్లో ఏమీ వేయకండి. తర్వాత గుక్కెడు నీళ్లు. దగ్గు రాకుండా దిగితే జావ. ఆకలితో ఉన్నారని హోటలుకు తీసుకెళ్లి కడుపు నిండా పెట్టకండి, ఆయనకు మామూలుగానే ఆరు పూటలు కొంచెం కొంచెం తినాల్సిన పొట్ట. మత్తు ఇచ్చి ఉంటే 24 గంటలు బండి నడపకూడదు, కాగితాల మీద సంతకాలు పెట్టకూడదు. కడుపులో గాలి, గొంతులో కాస్త నొప్పి ఉంటే అవే పోతాయి. తీవ్రమైన కడుపు నొప్పి, ఛాతీ నొప్పి, నెత్తుటి వాంతి, తారులా జిగటగా నల్లటి విరేచనం, జ్వరం, ఆయాసం – వీటిలో ఏది వచ్చినా ఇంటి వైద్యం చేయకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.

తిరుపతి వచ్చినప్పుడే రక్తంలో బి12, ఐరన్ కూడా చూడమని అడగండి. పొట్ట కొంత పోయిన వాళ్లకు ఏళ్లు గడిచాక బి12 తగ్గి అరికాళ్ల తిమ్మిర్లు, మతిమరుపు వస్తాయి. ముసలితనం, షుగరు అని సరిపెట్టుకుంటారు. ఇంజెక్షన్‌తో సరిదిద్దగలిగే సంగతి అది.

ఇక మీ అత్తగారు. ఆమె అనుమానం వెనక ఉన్నది భయమే అనుకుంటున్నాను. నాలుగేళ్ల కిందట ఆ గడ్డ మాట విన్న మనిషి, పరీక్ష ఆగిపోయిందంటే ఎవరి మీదో ఒకరి మీద కోపం తెచ్చుకోకుండా ఉండలేరు. ఆ కరివేపాకు సంగతి ఆమెకు మీరే చెప్పండి. గంజి వార్చి తేట తీసే పని కూడా ఆమెకే అప్పగించండి, గంటకోసారి గ్లాసు ఆమె చేతులతోనే ఇవ్వనివ్వండి. వడగట్టేది మాత్రం రెండుసార్లు, పలుచటి తెల్లటి గుడ్డలో.